పెట్టెల్లో ఎదురుచూసిన లైగో

నిజామాబాద్ జిల్లా బాల్కొండ నుంచి పడమటికి, కాస్త ఉత్తరానికి ఒరిగేట్టు మ్యాపు మీద ఒక గీత గీస్తే అది శ్రీరాంసాగర్ నీళ్లు దాటి, భైంసా, భోకర్‌ల మీదుగా సాగి, సుమారు 160 కిలోమీటర్ల దగ్గర ఔంఢా నాగనాథ్ చేరుతుంది. మహారాష్ట్రలో హింగోలి జిల్లా. ద్వాదశ జ్యోతిర్లింగాల్లో ఒకటని అక్కడి గుడికి పేరు కాబట్టి మన దిక్కు నుంచి మొక్కులకు పోయే కుటుంబాలకు ఆ ఊరు కొత్త కాదు. ఆ తాలూకాలోనే పూర్ణా నది మీద సిద్ధేశ్వర్ డ్యాం ఉంది. పూర్ణా పోయి గోదావరిలో కలుస్తుంది. ఆ గోదావరే నాందేడ్, కందకుర్తి, బాసర దాటి వచ్చి పోచంపాడు దగ్గర మన కాల్వల్లోకి మళ్లుతుంది. 1956 నవంబర్ 1 దాకా బాల్కొండ, ఔంఢా రెండూ హైదరాబాద్ రాష్ట్రంలోనివే.

ఆ ఔంఢా దగ్గర సుమారు 174 ఎకరాలు ఒక యంత్రం కోసం తీసిపెట్టారు. పేరు లైగో-ఇండియా. దాని ప్రాణం అనదగ్గ భాగాలు అమెరికాలో ఎప్పుడో తయారయ్యాయి. అద్దాలు, వాటిని వేలాడదీసే చట్రాలు, లేజర్ సామగ్రి పెట్టెల్లో సర్ది, వాషింగ్టన్ రాష్ట్రంలోని హాన్‌ఫర్డ్ అనే చోట భద్రం చేశారు. అమెరికాలో ఉన్న దాని తోబుట్టువు యంత్రాలు రెండూ ఈలోగా విశ్వం గురించి మనకు తెలిసినదాన్ని మార్చేశాయి. ఇది మాత్రం పనిలోకి దిగకుండానే పదేళ్లు దాటించింది. ఇంత దూరం తెచ్చి, ఇంత ఖర్చు పెట్టి దాన్ని మన పొరుగునే ఎందుకు నిలబెట్టాలన్న ప్రశ్నకు జవాబు కావాలంటే దాని పుట్టుక దగ్గరికి పోవాలి.

1915లో ఐన్‌స్టీన్ సాధారణ సాపేక్ష సిద్ధాంతం చెప్పారు. బరువైన వస్తువు తన చుట్టూ ఉన్న స్థలాన్నీ కాలాన్నీ వంచుతుంది, మిగతావి ఆ వంపు వెంట నడుస్తాయి అన్నది దాని సారం. మరుసటి ఏడాది ఆయనే దాని నుంచి ఇంకో సంగతి తేల్చారు. రెండు బరువులు ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతుంటే ఆ వంపు అక్కడే ఆగిపోదు, కాంతి వేగంతో నలుదిక్కులకూ పాకుతుంది. అదే గురుత్వ తరంగం. అది మన మీదుగా పోయే క్షణంలో స్థలం ఒక దిశలో సాగుతుంది, దానికి అడ్డంగా ఉన్న దిశలో కుదించుకుపోతుంది. మరుక్షణం సాగినది కుదించుకుంటుంది, కుదించుకున్నది సాగుతుంది. గోడ, కొండ, భూమి ఏవీ దానికి అడ్డు కావు. వేల కోట్ల తారల గుండా వచ్చినా తాను తెచ్చిన కబురు చెడదు. అయితే దేన్నీ పెద్దగా తాకకుండా పోయే వస్తువును పట్టుకోవడం ఎలా? ఐన్‌స్టీన్‌కే ఇది ఎప్పటికైనా సాధ్యమవుతుందన్న ఆశ లేదు. 1936లో అసలు అలాంటి తరంగాలే లేవని ఒక వ్యాసం కూడా రాశారు, తర్వాత అందులో పొరపాటు బయటపడి సవరించుకున్నారు.

మొదట చేయి వేసినవారు మేరీల్యాండ్ విశ్వవిద్యాలయంలోని జోసెఫ్ వెబర్. 1960లలో ఆయన టన్నుకు పైగా బరువున్న అల్యూమినియం దిమ్మలను తీగలతో వేలాడదీసి, తరంగం వస్తే అవి గంటలాగా మోగుతాయని కనిపెట్టుకుని కూర్చున్నారు. 1969లో మోగాయని ప్రకటించారు. ప్రపంచమంతా ఉలిక్కిపడి అలాంటి దిమ్మలే తయారు చేసుకుంది, ఎవరికీ ఏమీ వినపడలేదు. వెబర్ 2000లో చనిపోయేదాకా తన మాట మీదే నిలబడ్డారు. ఆయన ఫలితాన్ని శాస్త్రలోకం ఒప్పుకోలేదు గానీ, ఈ పని చేయదగ్గదేనని మిగతావాళ్లకు ధైర్యం ఇచ్చింది ఆయనే. అది చిన్న సంగతి కాదు.

ఈలోగా ఆకాశంలోంచి ఒక పరోక్ష సాక్ష్యం దొరికింది. 1974లో రస్సెల్ హల్స్, జోసెఫ్ టేలర్ ఒకదాని చుట్టూ ఒకటి తిరిగే రెండు న్యూట్రాన్ తారల జంటను కనుక్కున్నారు. ఏడుముప్పావు గంటలకు ఒక చుట్టు. ఏళ్ల తరబడి చూస్తే ఆ చుట్టు కాలం రవంత రవంత తగ్గుతోంది. ఐన్‌స్టీన్ లెక్క ప్రకారం గురుత్వ తరంగాల రూపంలో ఎంత శక్తి పోవాలో సరిగ్గా అంతే పోతోంది. 1993లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. తరంగం ఉందా అన్న అనుమానం తీరింది. దాన్ని నేరుగా పట్టుకోవడం మిగిలింది.

లైగో పుట్టుకకు నేను ఒక తేదీ చెప్పమంటే నిర్మాణం మొదలైన రోజు చెప్పను, 1972 అంటాను. అంతకు కొన్నేళ్ల ముందు మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో రైనర్ వైస్ అనే అధ్యాపకుడు సాపేక్ష సిద్ధాంతం పాఠం చెబుతుంటే పిల్లలు వెబర్ దిమ్మల గురించి అడిగారు. అది తనకే సరిగా బోధపడక, కాంతితో దూరం కొలిచి తరంగాన్ని పట్టుకోవడం ఎలా అన్న లెక్కను వాళ్లకు ఇంటిపనిగా ఇచ్చి, తానూ చేస్తూ పోయారు. ఆలోచన పూర్తిగా ఆయన ఒక్కరిదే కాదు, మాస్కోలో గెర్ట్‌సెన్‌ష్టైన్, పుస్తొవోయ్‌త్ 1962లోనే దాదాపు ఇదే రాశారు. కానీ వైస్ 1972లో రాసిన నివేదికలో ఇంకెవరూ చేయని పని ఒకటి ఉంది. తరంగం ఎలా దొరుకుతుందన్నదాని కంటే, దాన్ని దొరకనివ్వనివి ఏమేమిటో ఒక్కొక్కటిగా జాబితా వేశారు: నేల అదురు, అద్దంలోని అణువుల వేడి కదలిక, గొట్టంలో మిగిలిపోయిన గాలి, లేజర్ కాంతిలోనే ఉండే తడబాటు, పక్కనుంచి పోయే మబ్బుల బరువు లాగే లాగుడు. ఒక్కోటి ఎంత రొద చేస్తుందో అంకెల్లో కట్టి చూపారు. ఆ తర్వాత నలభై ఏళ్లలో జరిగినదంతా ఆ జాబితాలోని ఒక్కో శత్రువును ఓడించుకుంటూ రావడమే.

యంత్రం సూత్రం చెప్పాలంటే పెద్ద కష్టం లేదు. ఒక లేజర్ కిరణాన్ని రెండుగా చీల్చి, ఒకదానికొకటి లంబంగా ఉన్న రెండు గొట్టాల్లోకి పంపుతారు. ఒక్కో గొట్టం 4 కిలోమీటర్ల పొడవు. చివర అద్దం. రెండు కిరణాలూ తిరిగి వచ్చి కలిసేచోట ఒకదాన్నొకటి రద్దు చేసుకునేలా అమరిక ఉంటుంది, కాబట్టి చూసే కన్నుకు దాదాపు చీకటే. గురుత్వ తరంగం వచ్చి ఒక గొట్టాన్ని రవంత సాగదీసి రెండోదాన్ని కుదిస్తే, రద్దు కావడం తప్పి కాస్త వెలుగు బయటపడుతుంది. ఆ వెలుగే సమాచారం. మార్పు మరీ చిన్నది కాబట్టి కాంతిని ఒక్కసారి పంపి ఊరుకోరు. గొట్టంలోనే ఇంకో అద్దం పెట్టి దాదాపు 300 సార్లు అటూ ఇటూ తిప్పుతారు, 4 కిలోమీటర్లు 1200 అవుతాయి.

ఎంత చిన్న మార్పు? ప్రోటాన్ వెడల్పులో పదివేలవ వంతు దాకా పట్టుకునేలా దీన్ని తీర్చిదిద్దారు. ఇంత సన్నటి కొలతకు ముందు ఆ అద్దం నిశ్చలంగా ఉండాలి గదా, నేల మాత్రం ఎప్పుడూ ఊరుకోదు. ఇక్కడ ఒక ప్రయోగం ఎవరైనా చేయవచ్చు. తాడుకు ఒక రాయి కట్టి చేత్తో పట్టుకోండి. చేయి మెల్లగా ఊపితే రాయి వెంట వస్తుంది. అదే చేయిని గబగబా అదిలించి చూడండి, తాడు వణుకుతుంది, రాయి ఉన్నచోటే ఉంటుంది. ఆ రాయికి ఇంకో తాడు, ఇంకో రాయి కడితే కిందిది ఇంకా కదలదు. లైగోలో ఇలా నాలుగు అంతస్తులు. అడుగున 40 కిలోల అద్దం, 34 సెంటీమీటర్ల వెడల్పు, అత్యంత స్వచ్ఛమైన గాజు. దాన్ని మోసేవి నాలుగు గాజు పోగులు, ఒక్కోటి 0.4 మిల్లీమీటర్ల మందం. ఇనుప తీగ వాడితే దానిలోని వేడి కదలికే అద్దాన్ని కుదిపేస్తుంది, అందుకని గాజును కరిగించి పోగులుగా లాగి అద్దానికే అతికించారు. 40 కిలోలు వెంట్రుకల్లాంటి గాజు మీద నిలబడ్డాయంటే చూడనివాళ్లు నమ్మడం కష్టం.

గొట్టాల్లో గాలి ఉండకూడదు. 1.2 మీటర్ల వెడల్పు, 3 మిల్లీమీటర్ల మందం ఉన్న స్టీలు గొట్టంలోంచి గాలి తోడడానికి 40 రోజులు పట్టింది. స్టీలు గోడల్లో ఇంకిపోయిన వాయువులు బయటికి రావడానికి గొట్టాన్ని మొత్తంగా వారాల తరబడి వేడి చేశారు. లోపల మిగిలింది బయటి గాలి పీడనంలో లక్ష కోట్ల వంతు. ఇంకో సంగతి, 4 కిలోమీటర్ల పొడవులో భూమి గుండ్రదనం వల్ల నేల ఒక మీటరుకు పైగా ఒంగిపోతుంది. కాంతి ఒంగదు కాబట్టి కాంక్రీటు దిమ్మెలు వేసేటప్పుడే ఆ తేడాను సరిచేయాలి.

ఇదంతా నిలబెట్టడానికి వైస్‌తో పాటు కాల్టెక్‌లో సిద్ధాంతం చూసిన కిప్ థార్న్, గ్లాస్గో నుంచి వచ్చిన ప్రయోగ నిపుణుడు రోనాల్డ్ డ్రీవర్ తోడయ్యారు. ముగ్గురి మధ్య పొత్తు సాఫీగా సాగలేదు. 1994లో బ్యారీ బారిష్ పగ్గాలు పట్టాకే పని పట్టాలెక్కింది. హాన్‌ఫర్డ్‌లో ఒకటి, అక్కడికి 3000 కిలోమీటర్ల దూరంలో లూసియానాలోని లివింగ్‌స్టన్‌లో ఒకటి లేచాయి. 2002 నుంచి 2010 దాకా విన్నాయి. ఒక్క తరంగం దొరకలేదు. అయినా ఆపలేదు, పాత భాగాలు తీసేసి కొత్తవి అమర్చారు. ఖాళీ చేతులతో ఉన్న ఒక ప్రయోగం మీద దేశం మళ్లీ డబ్బు పెట్టడం ఈ కథలో నాకు అన్నిటికంటే గొప్పగా కనిపించే ఘట్టం.

2015 సెప్టెంబర్ 14, సోమవారం. ఇక్కడ వినాయక చవితికి ఇంకా మూడు రోజులుంది. ఆ ఏడు వానలు మొహం చాటేసి తెలంగాణ అంతా కరువులో ఉంది. మన గడియారంలో మధ్యాహ్నం 3 గంటల 20 నిమిషాల 45 సెకన్లకు ఒక తరంగం భూమిని దాటింది. మన ఇళ్ల గుండా, పసుపు చేల గుండా, పోచంపాడు కట్ట గుండా కూడా పోయింది, ఎవరికీ తెలియలేదు. లివింగ్‌స్టన్ దాన్ని పట్టుకుంది. 6.9 మిల్లీసెకన్ల తర్వాత హాన్‌ఫర్డ్ పట్టుకుంది. కొత్త యంత్రాలు అప్పటికి ఇంకా సరిచూసుకునే దశలోనే ఉన్నాయి. జర్మనీలోని హానోవర్‌లో మార్కో డ్రాగో అనే యువ పరిశోధకుడు కంప్యూటర్ తెర మీద మొదట చూశారు. పరీక్ష కోసం ఎవరో కావాలని పెట్టిన దొంగ గుర్తేమో అని అందరికీ అదే అనుమానం. అన్నీ సరిచూసుకోవడానికి నెలలు పట్టింది. 2016 ఫిబ్రవరి 11న లోకానికి చెప్పారు.

ఆ గుర్తు నిడివి సెకనులో అయిదో వంతు. సెకనుకు 35 కంపనాలతో మొదలై 250 దాకా ఎగబాకి ఆగిపోయింది. అందులోంచి చదివిన కథ ఇది: 130 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో, సూర్యుడికి 36 రెట్లు ఒకటి, 29 రెట్లు ఒకటి బరువున్న రెండు కృష్ణబిలాలు చుట్టుకుంటూ వచ్చి ఒకటైపోయాయి. మిగిలినది 62 రెట్లు. 36కు 29 కలిపితే 65 కావాలి. తక్కువైన మూడు సూర్యుల బరువు పూర్తిగా తరంగాలుగా మారిపోయింది. ఆ కొద్ది క్షణాల్లో అది వెలువరించిన శక్తి కనిపించే విశ్వంలోని తారలన్నిటి వెలుగు కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. అయినా అందులో ఒక్క కాంతి కిరణం లేదు. దూరదర్శిని ఎంత పెద్దదైనా దాన్ని చూపలేదు. అంతకుముందు అంత బరువైన కృష్ణబిలాలు జంటగా తిరుగుతాయని ఎవరూ చూసి ఎరగరు.

ఆ గుర్తు చివరి భాగంలో మన దేశపు చేయి ఉంది. బెంగళూరుకు చెందిన సి.వి. విశ్వేశ్వర 1970లో, అమెరికాలో పరిశోధన చేస్తున్నప్పుడు, కృష్ణబిలాన్ని కదిపితే అది ఏ విధంగా మోగి సద్దుమణుగుతుందో కంప్యూటర్‌లో లెక్కగట్టి చూపారు. కృష్ణబిలం అన్న మాటే అప్పటికి కొత్త. నలభై అయిదేళ్ల తర్వాత అదే సద్దుమణుగుడు లైగో గీతలో కనిపించింది. 2016 ప్రకటన చూసి, 2017 జనవరిలో ఆయన కన్నుమూశారు. అలాగే రొదలో మునిగిన గుర్తును ముందే లెక్కగట్టిన నమూనాలతో పోల్చి పైకి లాగే పద్ధతికి పుణెలోని ఖగోళ పరిశోధన కేంద్రం అయూకాలో సంజీవ్ ధురంధర్, బి.ఎస్. సత్యప్రకాశ్ 1990ల మొదట్లోనే పునాది వేశారు. చుట్టుకుంటూ దగ్గరికి వచ్చే జంట ఎలాంటి తరంగం పుట్టిస్తుందన్న జటిలమైన గణితంలో బాలా అయ్యర్‌ది పెద్ద పాలు. 2017లో నోబెల్ వైస్, బారిష్, థార్న్‌లకు వచ్చింది. డ్రీవర్ అదే ఏడాది మార్చిలో పోయారు. వైస్ 2025 ఆగస్టులో.

ఇక పెట్టెల్లో ఉన్నదాని సంగతి. తొలి తరం లైగోలో హాన్‌ఫర్డ్‌లోనే ఒకే గొట్టంలో రెండు యంత్రాలు ఉండేవి, ఒకటి 4 కిలోమీటర్లది, ఒకటి 2 కిలోమీటర్లది. కొత్త తరానికి మొత్తం మూడు యంత్రాల సామగ్రి చేయించారు, అందులో రెండు హాన్‌ఫర్డ్‌కే. తయారవుతుండగా ఆలోచన మారింది. ఒకే చోట రెండు పెట్టడం కంటే మూడోదాన్ని భూమికి ఇంకో మూల పెడితే ఫలితం ఎంతో బాగుంటుంది. ముందు ఆస్ట్రేలియాను అడిగారు. 2011లో ఆ ప్రభుత్వం డబ్బు సర్దలేకపోయింది. అప్పటికే 2009 నుంచి ఇండిగో అనే బృందంగా కూడి ఉన్న మన శాస్త్రవేత్తలు మాకివ్వండన్నారు. 2012 ఆగస్టులో అమెరికా ఒప్పుకుంది. 2016 ఫిబ్రవరి 17న, తరంగం కబురు వచ్చిన ఆరు రోజులకే, మన కేంద్ర మంత్రివర్గం సూత్రప్రాయంగా అనుమతించింది. మార్చి 31న అమెరికా రాజధాని వాషింగ్టన్‌లో ఒప్పందం మీద సంతకాలయ్యాయి. పూర్తి అనుమతి, 2600 కోట్ల రూపాయలు మంజూరు కావడానికి మాత్రం 2023 ఏప్రిల్ దాకా ఆగాల్సి వచ్చింది. ఆ ఏడు మే 11న శంకుస్థాపన. 2030 నాటికి పూర్తి కావాలన్నది లక్ష్యం. ఏడేళ్ల ఆ జాప్యం నన్ను బాధపెడుతుంది, ఎందుకంటే ఆ ఏడేళ్లలో ఆకాశం ఊరుకోలేదు.

2017 ఆగస్టు 17, సాయంత్రం 6 గంటల 11 నిమిషాలు. ఈసారి గుర్తు సెకనులో వంతు కాదు, సుమారు వంద సెకన్లు. కృష్ణబిలాలు కాదు, రెండు న్యూట్రాన్ తారలు. ఇవి ఢీకొంటే వెలుగు కూడా వస్తుంది. 1.7 సెకన్ల తర్వాత ఫెర్మీ ఉపగ్రహానికి గామా కిరణాల మెరుపు తగిలింది. ఎక్కడుందో వెంటనే తెలిస్తే దూరదర్శినులన్నీ అటు తిప్పవచ్చు. ఇక్కడ ఇటలీలోని వర్గో యంత్రం సాయపడింది, అదీ దాదాపు ఏమీ వినకపోవడం ద్వారా. ఇలాంటి ప్రతి యంత్రానికీ సరిగా వినపడని దిక్కులు కొన్ని ఉంటాయి. అమెరికాలోని రెండిటికీ గట్టిగా వినపడి వర్గోకు వినపడలేదంటే, తరంగం వర్గోకు వినపడని ఆ దిక్కుల్లోంచే వచ్చి ఉండాలి. వెతకాల్సిన ఆకాశం 28 చదరపు డిగ్రీలకు తగ్గింది. పదకొండు గంటల్లోపు చిలీలోని దూరదర్శిని 13 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఒక గెలాక్సీ పక్కన కొత్త చుక్కను పట్టుకుంది. పుణె దగ్గరి ఖోడద్‌లో ఉన్న మన జీఎంఆర్‌టీ రేడియో దూరదర్శిని కూడా ఆ చోటును వెంబడించిన వాటిలో ఉంది.

ఆ ఒక్క సంఘటన ఎన్ని చిక్కుముళ్లు విప్పిందో చెబితే ఆశ్చర్యం. 13 కోట్ల ఏళ్లు ప్రయాణించి కాంతీ గురుత్వ తరంగమూ 1.7 సెకన్ల తేడాతో వచ్చాయంటే రెండిటి వేగం ఒకటే. దాంతో గురుత్వాకర్షణ మీద వచ్చిన ప్రత్యామ్నాయ సిద్ధాంతాలు చాలా ఒక్కరోజులో పక్కకు పోయాయి. విశ్వం ఎంత వేగంగా వ్యాకోచిస్తోందో కొలవడానికి పాత పద్ధతులతో సంబంధం లేని కొత్త దారి దొరికింది. ఢీకొన్న చోటు నుంచి ఎగిరిన శిథిలాల వెలుగును విడదీసి చూస్తే బంగారం, ప్లాటినం లాంటి బరువైన మూలకాలు అక్కడ పుడుతున్న జాడలు కనిపించాయి. ఆడబిడ్డ పెళ్లికి నిజామాబాద్ బజార్లో కొనే తులం బంగారంలో కనీసం కొంతైనా సూర్యుడు పుట్టకముందే ఇలాంటి తారలు గుద్దుకున్నప్పుడు తయారైనదే.

దీని పక్కన ఇంకో తేదీ పెట్టి చూడండి, 2019 ఏప్రిల్ 25. మళ్లీ రెండు న్యూట్రాన్ తారలు. కానీ ఆ క్షణాన హాన్‌ఫర్డ్ పనిలో లేదు. వర్గోకు గుర్తు మరీ బలహీనం. వినగలిగింది లివింగ్‌స్టన్ ఒక్కటే. వెతకాల్సిన ఆకాశం 8000 చదరపు డిగ్రీలకు పైగా, అంటే మొత్తం ఆకాశంలో అయిదో వంతు. లడఖ్‌లోని హాన్లేలో ఉన్న మన దూరదర్శినితో సహా ఎన్నో వెతికాయి. ఏమీ దొరకలేదు. వెలుగు వచ్చి ఉంటే అది ఎవరూ చూడకుండానే ఆరిపోయింది, అందులో ఏముందో ఇక తెలిసే దారి లేదు. ఔంఢాలో యంత్రం ఎందుకన్న ప్రశ్నకు నాకు ఇంతకంటే మంచి జవాబు తెలియదు. హాన్‌ఫర్డ్‌కూ లివింగ్‌స్టన్‌కూ మధ్య తరంగం పోవడానికి ఎక్కువలో ఎక్కువ 10 మిల్లీసెకన్లు. ఔంఢాకు భూమి గుండా సూటిగా వస్తే 35 నుంచి 38. ఆ ఎడం ఎంత పెద్దదైతే తరంగం వచ్చిన దిక్కు అంత కచ్చితంగా తేలుతుంది. పైగా ఒకటి పడుకున్నా ఇంకోటి మేలుకుని ఉంటుంది.

2025 సెప్టెంబర్ నాటికి దొరికిన తరంగాలు సుమారు 300. వాటిలో 2025 జనవరి 14 నాటిది అన్నిటికంటే స్పష్టమైనది. 1971లో స్టీఫెన్ హాకింగ్ ఒక మాట చెప్పారు, కృష్ణబిలాలు కలిసినప్పుడు మొత్తం ఉపరితలం ఎప్పుడూ తగ్గదని. ఈ గుర్తులో కలవకముందు రెండిటి ఉపరితలం దాదాపు 2,40,000 చదరపు కిలోమీటర్లు, కలిశాక 4,00,000. మన రాష్ట్రాలతో కొలిస్తే రెండు తెలంగాణలకు పైన ఉన్నది మూడున్నర తెలంగాణలైంది. బరువు కొంత తరంగాలుగా పోయినా ఉపరితలం పెరిగింది. హాకింగ్ 2018లోనే పోయారు, చూడలేకపోయారు.

ఇలాంటి యంత్రం ఉండే చోటును నేల గుణం చూసి ఎంచాలి. బాల్కొండ పక్కనుంచి 44వ నంబరు జాతీయ రహదారి పోతుంది, రాత్రింబవళ్లు లారీలు. శ్రీరాంసాగర్ 42 గేట్లలో కొన్ని ఎత్తినా నేలకు ఆ సంగతి తెలుస్తుంది. అలాంటి చోట లైగో బతకదు. లివింగ్‌స్టన్‌లో రైలు పోయినా, అడవిలో చెట్లు కొట్టినా యంత్రం చలిస్తుంది. హాన్‌ఫర్డ్‌లో ఒకసారి అంతుపట్టని చప్పుడు పదే పదే వస్తుంటే మైకుల రికార్డులు విని, బయటికి పోయి చూశారు. నైట్రోజన్ గొట్టం మీద పేరుకున్న మంచును దాహంతో బొంత కాకులు పొడుస్తున్నాయి. గొట్టానికి తొడుగు వేశాక గాని అది ఆగలేదు. ఔంఢా దక్కను నల్లరాతి పీఠభూమి మీద ఉంది, సముద్రానికి దూరం, పెద్ద నగరాలకు దూరం. సముద్రపు అలల అదురు దేశం నడిబొడ్డుకూ వస్తుంది గానీ తీరం దగ్గర ఉన్నంత ఉండదు. భూకంపాల భయం బొత్తిగా లేదనలేం. 1993 సెప్టెంబర్ 30 తెల్లవారుజామున వచ్చిన కిల్లారి భూకంపం ఈ ప్రాంతపు పెద్దవాళ్లకు ఇంకా గుర్తే. 2024లో హింగోలిలోనే ఒకటికి రెండుసార్లు భూమి కంపించింది. అలాంటి రోజున యంత్రం కాసేపు పట్టు తప్పుతుంది, తిరిగి సర్దుకుంటుంది. దాన్ని కుంగదీసేది రోజువారీ రొద. కాబట్టి ఔంఢా చుట్టూ రేపు వచ్చే క్రషర్లు, క్వారీలు, కొత్త రోడ్ల విషయంలో మహారాష్ట్ర ప్రభుత్వం ఇప్పటినుంచే గట్టిగా ఉండాలి.

అమెరికా ఇచ్చే సామగ్రి విలువ 8 కోట్ల డాలర్లు. మిగతాదంతా మనవాళ్ల పనే, భవనాలు, నాలుగేసి కిలోమీటర్ల రెండు గొట్టాలు, వాటిని శూన్యం చేసే ఏర్పాటు. ఇండోర్‌లోని రాజా రామన్న కేంద్రం లేజర్, అద్దాల పని, గాంధీనగర్‌లోని ప్లాస్మా పరిశోధన సంస్థ శూన్యం పని, అయూకా కంప్యూటర్లు, సమాచారం చూస్తాయి. నిర్మాణం అణుశక్తి శాఖ విభాగానిది. కిలోమీటర్ల కొద్దీ వెల్డింగులో ఒక్క సూదిమొన చిల్లు ఉన్నా పని చెడుతుంది. శాస్త్రవేత్తల పేర్లు పత్రికల్లో వస్తాయి. ఆ అతుకులు వేసే వెల్డర్ల, ఫిట్టర్ల చేతిలో యంత్రం తలరాత ఉంది. బోధన్ శక్కర్‌నగర్‌లో 1930ల చివర మొదలైన నిజాం షుగర్స్ ఎన్ని తరాల ఫిట్టర్లను, టర్నర్లను తయారు చేసిందో ఈ జిల్లాకు తెలుసు. 2015 డిసెంబర్‌లో అది మూతపడ్డాక ఆ చేతులకు పని లేకుండా పోయింది. నిజామాబాద్, బోధన్‌ల ఐటీఐ, పాలిటెక్నిక్ పిల్లలకు శూన్య సాంకేతికత, నిఖార్సైన వెల్డింగు నేర్పే ఏర్పాటు మన ప్రభుత్వం చేస్తే 160 కిలోమీటర్ల దూరంలో పని ఉంది.

తెలంగాణలో గురుత్వ తరంగాల పరిశోధన ఇప్పటికే జరుగుతోంది కూడా. సంగారెడ్డి జిల్లా కందిలోని ఐఐటీ హైదరాబాద్ పరిశోధకులు ఇండియన్ పల్సార్ టైమింగ్ అర్రే అనే బృందంలో ఉన్నారు. వీళ్లు పట్టేవి లైగో పట్టేవి కావు. గెలాక్సీల నడిబొడ్డున ఉండే, కోట్ల సూర్యుల బరువున్న కృష్ణబిలాల జంటలు పుట్టించే తరంగాలు ఒక్కోటి దాటడానికి ఏళ్లు పడుతుంది. వాటికి భూమి మీద గొట్టం సరిపోదు. అందుకని క్రమం తప్పకుండా మిణుకుమనే పల్సార్ తారలనే గడియారాలుగా పెట్టుకుని, వాటి మిణుకులు ఎంత ముందు, ఎంత వెనక వస్తున్నాయో జీఎంఆర్‌టీతో ఏళ్ల తరబడి రాసుకుంటారు. 2023 జూన్ 29న యూరప్ బృందంతో కలిసి అలాంటి తరంగాల ఆధారాలు ప్రకటించారు. అదే సమయానికి అమెరికా, చైనా, ఆస్ట్రేలియా బృందాలూ అదే మాట చెప్పాయి.

లైగో సమాచారం ఎవరికీ తాళం వేసి లేదు. డిచ్‌పల్లి తెలంగాణ యూనివర్సిటీలో ఫిజిక్స్ చదివే పిల్ల గానీ బాల్కొండ డిగ్రీ విద్యార్థి గానీ మామూలు ల్యాప్‌టాప్ మీద 2015 సెప్టెంబర్ 14 నాటి ఫైలు దింపుకోవచ్చు, ఉచితం. 32 సెకన్ల రికార్డు, సెకనుకు 4096 అంకెలు, మొత్తం 1,31,072. గీత గీస్తే అదంతా రొదే, ఏమీ కనపడదు. పైథాన్‌లో కొన్ని వరుసలు రాసి 35 నుంచి 350 కంపనాల మధ్య ఉన్నదాన్ని మాత్రమే మిగిల్చి, యంత్రం తన సొంత మూలుగులు చేసే చోట్లను తీసేయాలి. హాన్‌ఫర్డ్ గీతను 6.9 మిల్లీసెకన్లు వెనక్కి జరిపి, తలకిందులు చేసి, లివింగ్‌స్టన్ గీత మీద పెట్టాలి. రెండు యంత్రాల చేతులు వేర్వేరు దిక్కులకు ఉన్నాయి కాబట్టి తలకిందులు చేయక తప్పదు. అప్పుడు రెండు గీతలూ ఒకదాని మీద ఒకటి కూర్చుంటాయి, ఆ అయిదో వంతు సెకను వంకరలు ఒక్కొక్కటిగా దగ్గరపడుతూ పైకి లేచి ఆగడం ఎవరి కళ్లతో వాళ్లు చూడవచ్చు. పని ఒక సాయంత్రానికి మించదు. ఔంఢా యంత్రం మొదలయ్యాక ఇలా సర్దాల్సిన గీతల్లో ఇంకొకటి కలుస్తుంది, జరపాల్సిన అంకె 38 మిల్లీసెకన్ల దాకా పోతుంది.